మసితో గీసిన ముఖం

ఆ ఆదివారం పొద్దున ఆకాశం ఒక నిలకడ మీద లేదు. నల్లమల మీద మబ్బు లేచి మార్కాపురం వైపు కొంత దూరం వచ్చి, ఇక్కడ తనకేం పని అన్నట్టు ఆగింది. గాలి తోస్తే చిరిగింది, మళ్లీ అతుక్కుంది, చివరికి వచ్చిన దారినే కొండ వెనక్కి జారిపోయింది. అది పోయాక మిగిలింది ఎండా కాదు, నీడా కాదు. గనిలోంచి అప్పుడే పైకి తీసిన బండ రంగు.

ఏబేలు ఇంటి ముందు రాతి మీద కూర్చుని అదంతా చూశాడు. పనిరోజైతే సంతోషించేవాడు. ఇట్లాంటి పూట బండలో చెమ్మ నిలుస్తుంది. ఉలి పెట్టి తడితే పొరలు పొరలుగా విడుతుంది, పలకలు విరగవు. కాని ఈరోజు గని లేదు. ఆరాధన అయ్యాక సంఘం పెద్దలు ఇంటికి వస్తామని చెప్పి పంపారు. ఏబేలు చేత్తో కుట్టిన పుస్తకం ఒకటి చూస్తారట. అందులో ఒక బొమ్మ ఉంది. చచ్చిపోయిన కూతురు రూతు ముఖం అది. భూమ్మీద ఆ పిల్ల ముఖం ఇంకెక్కడా లేదు. దాన్ని పొయ్యిలో పెట్టమని చెప్పడానికే వాళ్లు వస్తున్నారు.

లోపల ఎలీషబా చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరుగుతూ చెరుగుతూ ఆగింది.

“ఏం చెప్తావు వాళ్లకి?” అంది మొగుడితో.

“చూద్దాం.”

“చూసేదేముంది?” అని మళ్లీ చాట పట్టుకుంది.

ఏబేలు మాటల మనిషి కాదు. గనిలో పక్కన కూర్చుని పలకలు చీల్చేవాళ్లు, వీడికి మాటలు కూడా చెమ్మ మీదే విడతాయేమోరా, ఎండాకాలం ఒక్కటీ రాలదు అని నవ్వేవాళ్లు. నవ్వినా వాడి మొహంలో ఏమీ కదిలేది కాదు. కాని చూసేవాడు. ఎవరి చెయ్యి ఎట్లా వంకరపోయింది, ఏ బండలో తెల్ల చార ఎటు పోయింది, తొండ తల ఎత్తినప్పుడు మెడ కింద తోలు ఎట్లా సాగింది, అన్నీ చూసేవాడు. చూసింది లోపల నిలవ ఉంచుకోలేక ఎక్కడైనా పెట్టాలనిపించేది. అందుకే పుస్తకాలు కుట్టడం మొదలుపెట్టాడు.

వాళ్ల నాయన చెప్పులు కుట్టేవాడు. ఆయన పోతూ కొడుకుకు మిగిల్చింది తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె, తోలు కోసే కత్తి, తంగేడు చెక్కతో తోలు పదును చేసే పని. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివి ఏబేలు గనిలో పడ్డాక అవి అటకెక్కాయి. మార్కాపురంలో పలకలు రైలుకెక్కించే దుకాణాల వెనక, మూటలకు చుట్టి వచ్చిన కాగితం చింపి పారేసి ఉండేది. ఒకసారి ఏబేలు ఒక చంకెడు ఏరుకొచ్చాడు. మడతలు పోవడానికి పలకబండ కింద పెట్టాడు. అంచులు కత్తితో కోశాడు. నాయన ఆరెతోనే నడుమ బెజ్జాలు పొడిచి, కొండ దిగి తేనె అమ్మడానికొచ్చే చెంచులు ఇచ్చిన మైనం దారానికి పట్టించి కుట్టాడు. పిండి ఉడికించి, చెదలు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, ఆ బంకతో మేకతోలు అట్ట అంటించాడు. అయిపోయాక చేతిలో పట్టుకుని చాలాసేపు మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

“ఏం ఏబేలన్నా, కరణీకం ఇచ్చినారా ఏంది?” అని అడిగింది పక్కింటి రత్నమ్మ.

“ఊరికే.”

“ఊరికే అయితే ఆ మేకతోలుతో నాకో జత చెప్పులన్నా కుట్టియ్యరాదా? ఎండకు కాళ్లు కాలి చస్తన్నా.”

చెప్పులు కుట్టిచ్చాడు. పుస్తకాలు కుట్టడం మాత్రం మానలేదు. ఒకటి నిండితే ఇంకొకటి. గని నుంచి రాగానే ఇంటి ముందు రాతి మీద కూర్చుని, పొద్దు వాలేదాకా గీసేవాడు. దీపం మీద పెంకు బోర్లించి మసి పట్టి, తుమ్మజిగురు నానేసిన నీళ్లలో రంగరిస్తే నల్ల సిరా. మోదుగపూలు ఉడకబెడితే ఒక రంగు, గుండ్లకమ్మ గట్టు ఎర్రమన్ను వడగడితే ఇంకొక రంగు. తాటాకు ఈనె కొస నమిలి కుంచె చేసుకునేవాడు. మసి సిరా ఆరితే నిగనిగలాడేది. ఒక ముసురులో ఇంటి కప్పు కారి, గొర్రెల మంద గీసిన పేజీ మీద చుక్కలు పడ్డాయి. మంద మొత్తం కరిగి ఒక నల్ల మడుగైంది. అప్పటి నుంచి పుస్తకాలు గుడ్డలో చుట్టి, ఎత్తుగా పెట్టుకునేవాడు. తడి చేతులతో ముట్టుకోవద్దని ఎలీషబాకు చెప్పాడు. ఇంట్లోనే ఉండే తన తల్లి జ్ఞానమ్మకు చెప్పాలని తోచలేదు. ఆమె ఎన్నడూ వాటి జోలికి రాలేదు మరి.

రూతు బొమ్మ ఒక్కరోజులో గీసింది కాదు. ఆ పిల్ల కూర్చోమంటే కూర్చునే రకం కాదు. బెల్లంముక్క నోట్లో ఉన్నంతసేపు కదలకుండా ఉండేది. అది కరగ్గానే లేచి పరిగెత్తేది. ఆ కాసేపట్లో ఏబేలు ఒకరోజు చెవి గీశాడు, ఒకరోజు కనుబొమ్మ. జడ కొస ఒకరోజు. పెదవుల దగ్గర చాలా రోజులు పట్టింది. గీసినంత మటుకు పిల్లే వచ్చి తొంగిచూసేది.

“నాయనా, నా ముక్కు ఇంత లావుగా ఉందా?”

“ఉంది.”

“అవ్వ ముక్కు పెట్టినావు నాకు.”

“అవ్వదే నీకొచ్చింది.”

“అయితే అవ్వకి తిరిగి ఇచ్చేస్తా” అని పోయి నాయనమ్మ ముక్కు పట్టుకుని గుంజేది. ముసలామె బోసినోటితో తిట్టేది, తిడుతూనే దగ్గరికి లాక్కునేది.

ముఖం పూర్తయిన వానకాలమే చలిజ్వరం వచ్చింది. ఊళ్లో చాలామందికి వచ్చింది, చాలామందికి పోయింది. రూతుకు పోలేదు. మిషను ఆసుపత్రికి బండిలో తీసుకుపోతుంటే దారిలోనే ఒళ్లు చల్లబడింది.

సమాధి చేసి వచ్చిన పూట ఎలీషబా ఆ పుస్తకాన్ని గుడ్డతో సహా తీసి అత్త చేతిలో పెట్టింది.

“అత్తా, నీ పెట్లో పెట్టు. నేను అడిగినా ఇయ్యొద్దు. ఏడాది కూటం నాడు తీస్తా. అప్పటికి నాకు చూసే బలం వస్తుంది.”

ఏడాది కూటం అంటే, మనిషి పోయిన సంవత్సరానికి సంఘం అంతా ఆ ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, పాటలు పాడి, ఆ ఇంటివాళ్లతో కలిసి తిని ఆదరించి పోవడం. ఎలీషబా ఆ నాటి కోసమే బతుకుతోంది. ఇల్లు అలుకుతున్నా, కలుపు తీస్తున్నా, ఆమె కళ్లు మూలనున్న పెట్టె మీదే ఉండేవి. లోపల బిడ్డ ఉంది, చూడడమే తరువాయి అన్నట్టు ఉండేది. ఏబేలు కూడా తెరవలేదు. ఇద్దరం కలిసే చూద్దామని ఆమెకు మాటిచ్చాడు. మళ్లీ గియ్యడం కూడా మొదలుపెట్టలేదు. ఒక ఖాళీ పుస్తకం మాత్రం కుట్టి పక్కన పెట్టాడు.

కూటానికి ఇక ఎన్నో రోజులు లేవనగా రత్నమ్మ నిప్పు కోసం వచ్చింది. ఇంట్లో మొగుడూ పెళ్లామూ లేరు. ముసలామె జ్ఞానమ్మ పెట్టె ముందు కూర్చుని ఉంది. పుస్తకం తెరిచి గోడకు ఆనించి ఉంది. దాని ముందు ప్రమిద వెలుగుతోంది. ముసలామె వేళ్లకు పసుపు ఉంది. రత్నమ్మ నిప్పు మాట మరిచి వెనక్కి పోయింది. సాయంత్రానికి ఊళ్లో సంఘం ఇళ్లన్నిటికీ తెలిసింది.

ఏబేలు వాళ్లమ్మను అడిగాడు.

“పసుపు పెట్టినావా అమ్మా?”

“పెట్టినా.”

అంతకుమించి అడగలేదు. నుదుటి మీద ఒక పసుపు చుక్క ఉంటే ఏమైందిలే అనుకున్నాడు. పెట్టె మూసి ఉంది. తెరవలేదు.

జ్ఞానమ్మ అనేది బాప్తిస్మంలో పెట్టిన పేరు. అంతకుముందు ఆమె చెంచులక్ష్మి. ఆమె చిన్నప్పుడు పుట్టినింట్లో, పోయిన ఆడపిల్లకు గోడ మీద అరచేయంత పసుపు పూసి, పొద్దున్నే నీళ్లు చల్లి, తినేముందు ఒక ముద్ద అక్కడ పెట్టి తినేవాళ్లు. బాప్తిస్మం తర్వాత అన్నీ వదిలేసింది. ఆదివారం తప్పకుండా ప్రార్థన గుడికి పోయేది. పాటలన్నీ కంఠతా వచ్చు. కళ్లలో పువ్వు పడి చూపు ఆనకపోయాక మనుషులను అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టేది. అయినా పసుపును మాత్రం చేతులు మరిచిపోలేదు.

ఆరాధన గంట మోగింది. ఆ రోజు ఆ ఇంటి నుంచి ఎవరూ పోలేదు. పాటలు వినపడ్డాయి, ఆగిపోయాయి. కాసేపటికి పెద్దలు వచ్చారు.

ముందు ప్రీచరు ఆశీర్వాదం అయ్యగారు. సన్నటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు, ఎవరి ఇంట్లోనైనా కష్టమొస్తే ముందు తనే ఏడ్చేస్తాడు. ఆయన వెనక సంఘ పెద్ద కోటయ్య. ఏబేలుకు వరసకు మామ. ఆయన తండ్రి ఒకప్పుడు అమ్మవారి జాతరలో బలి దున్నపోతు ముందు గొలుసు పట్టుకుని ఎగిరినవాడు. అందుకేనేమో, పాత దేవతల వాసన ఎక్కడ తగిలినా కోటయ్య అందరికంటే ముందు పట్టేవాడు. వాళ్ల వెనక ఇద్దరు ముగ్గురు. దడి అవతల రత్నమ్మ.

ఏబేలు మంచం వాల్చాడు. అయ్యగారు కూర్చున్నారు. కోటయ్య కూర్చోలేదు.

“ఏమ్మా జ్ఞానమ్మక్కా, దీపం పెట్టి పసుపు పూసిన మాట నిజమేనా?”

“నిజమే రా కోటిగా. దీపం పెట్టకుంటే ఆ చీకటి మూలన పిల్ల భయపడదా?”

“బొమ్మ భయపడతదా?”

“నువ్వు పిల్లప్పుడు మీయమ్మ కొంగు వదిలినావా? నీకేం తెలుసు భయం సంగతి.”

దడి అవతల ఎవరో నవ్వారు. కోటయ్య మొహం ఎర్రబడింది.

“నవ్వులాట కాదక్కా. మొక్కినావా లేదా?”

“మొక్కేదేందిరా? మొక్కుకుంటే ఏమన్నా అడగాల గదా. ఆ పసిదాన్ని నేనేం అడుగుతా? గుడి గోడకు మిషను దొరసాని పంపిన గొర్రెల కాపరి పటం ఉంది. దాని ముందర మోకాళ్లేసేది నువ్వు కాదా? దానికి లేని తప్పు నా మనవరాలికొచ్చిందా?”

“అది పాఠం చెప్పేదానికి పెట్టిన పటం.”

“ఇది పెంచుకున్న బిడ్డ.”

అయ్యగారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. నేల చూస్తూ మాట్లాడారు.

“ఏబేలూ, నాకు ఇది ఇష్టమై వచ్చినాననుకోవద్దు. బొమ్మలకు మొక్కొద్దని ఆజ్ఞ ఉంది. మనోళ్లు నిన్నగాక మొన్న బొమ్మలు వదిలి వచ్చినోళ్లు. ఇయ్యాల మీ ఇంట్లో దీపం పెడితే, రేపు ఇంకో ఇంట్లో పెడతారు. పాత దారి వెడల్పు గదా నాయనా, కాలు దానంతటదే పోతుంది. ఆ ఒక్క పేజీ తీసి పొయ్యిలో పెట్టు. తతిమ్మావన్నీ నీ దగ్గరే ఉంచుకో. తర్వాత అందరం కలిసి కూటం పెట్టుకుందాం.”

“పెట్టకుంటే?” అడిగింది ఎలీషబా గడపలో నిలబడి.

అయ్యగారు కోటయ్య వైపు చూశారు. కోటయ్య చెప్పాడు.

“పెట్టకుంటే ఈ ఇంటికి ప్రభువు బల్ల లేదు. కూటం లేదు. మీ మంచికీ చెడ్డకీ సంఘం రాదు.”

“రేపు మా అత్తకేమన్నా అయితే?”

“రాదు.”

ముసలామె తల పైకెత్తింది. “ఏం తప్పు చేసినా నేను? మీరంతా ఏందో ఏందో అంటన్నారు. పొద్దున్నే దాని మొగం కడిగినా, నుదుటన ఇంత పసుపు పెట్టినా, దీపం పెట్టినా. బతికున్నప్పుడు రోజూ దాని మొగం కడిగింది నేను కాదా? వీళ్లిద్దరూ పనికి పోతే దాన్ని చూసింది నేను కాదా? కడక్కుంటే ఎట్ల? పాచి మొగంతో ఎన్ని రోజులుంటది?”

ఏబేలు మెల్లగా తల తిప్పి తల్లిని చూశాడు.

కడిగినా, అంది. అక్కడున్నవాళ్లెవరికీ ఆ మాట ఏమీ కాలేదు. ఏబేలు చూపు మాత్రం ఆమె వేళ్ల మీద నిలిచింది. వానకు కరిగిన గొర్రెల మంద కళ్ల ముందుకొచ్చింది. నోరు తెరిచాడు. ఎలీషబా అప్పటికే గడప దాటి బయటికి వచ్చింది. ఇన్నాళ్లూ వంగిపోయి తిరిగిన మనిషి నిటారుగా నిలబడింది.

“అయ్యగారూ, బల్ల వద్దు. కూటం వద్దు. వెలి వేసుకోండి. నా బిడ్డను ఒకసారి మన్నులో పెట్టినా. మళ్లీ పొయ్యిలో పెట్టలేను.”

దడి పక్కన కోడి ఒకటి రెక్కలు దులుపుకుంది.

“ఆలోచించుకో బిడ్డా” అన్నారు అయ్యగారు.

“ఏడాది నించీ అదే ఆలోచన. నాకింకో ఆలోచన లేదు.”

“నువ్వేమంటావు ఏబేలూ?”

ఇప్పుడు చెప్పాలి. అమ్మ బొమ్మకు నీళ్లు తగిలించిందంట, ముందు చూద్దాం, ఆ తర్వాత సంఘంతో తెగ్గొట్టుకుందాం అని చెప్పాలి. ఎలీషబా వాడి వైపే చూస్తోంది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆ కళ్లు మొగుడి ముఖంలోకి అట్లా చూసింది లేదు. ఒకవేళ అంచులకే తగిలిందేమో. ఒకవేళ పొడి వేలితోనే తుడిచిందేమో. ముసలివాళ్లు కడిగినా అంటారు గాని...

“ఆమె మాటే నా మాట” అన్నాడు.

కోటయ్య నిట్టూర్చాడు. వెనకున్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అయ్యగారు మంచం మీంచి లేచి, మళ్లీ కూర్చున్నారు.

“సరే. మీ ఇష్టం. కాని నేను పైవాళ్లకు చెప్పుకోవాల. కళ్లతో చూడకుండా ఏం చెప్పేది? ఒకసారి చూపియ్యండి.”

“చూడండి” అంది ఎలీషబా. “నేనూ ఇయ్యాలే చూస్తా. కూటం ఎట్లాగూ లేదు గదా.”

లోపలికి పోయి పెట్టె తెరిచింది. గుడ్డ మూటను రెండు చేతులతో ఎత్తుకొచ్చింది, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకొచ్చినట్టు. మంచం మీద పెట్టి ముడి విప్పింది. అట్ట తీసింది. మొదట తొండలు వచ్చాయి, తంగేడు పూలు, గనిలో గొడుగు కింద కూర్చున్న మనుషులు. అయ్యగారు ఒక బొమ్మ దగ్గర ఇది మా బండి గదా అన్నారు. ఆమె వినలేదు. ఇంకో పేజీ తిప్పింది.

పేజీ ఉబ్బి గరుకుగా ఎండిపోయి ఉంది. నడుమంతా పసుపు. పసుపు చుట్టూ బూడిదరంగు మరక, ఎండిన చెరువు అంచులాగా. ఒక పక్కన చెవి ఉంది, చక్కగా, పోగుతో సహా. కింద జడ కొస, దానికి కట్టిన గుడ్డపీలిక. నుదురు లేదు, కళ్లు లేవు, ముక్కు లేదు, పెదవులు లేవు. రోజూ వేలు నడిచిన చోట కాగితం పలచబడి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి వెనక పేజీలో గీసిన మేక కాలు కనపడింది.

ఎలీషబా తర్వాతి పేజీ తిప్పింది. మేక. ముందు పేజీ తిప్పింది. గుండ్లకమ్మ గట్టు. మళ్లీ ఆ పేజీకే వచ్చింది.

“ఇదేనా?” అంది.

ఏబేలు తల ఊపాడు.

కోటయ్య వంగి చూశాడు. ఆయన మొహంలోని కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే నిలిచి, మెల్లగా ఊడిపోయింది. “ఇంక బొమ్మేది ఇందులో?” అన్నాడు, తనలో తాను అన్నట్టు.

అయ్యగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రార్థన చేద్దాం అని కళ్లు మూసుకున్నారు. రెండు మాటలు అన్నాక ఆపేశారు. ఆమెన్ కూడా అనకుండా లేచారు. దడి దగ్గర కోటయ్య వెనక్కి తిరిగాడు.

“అల్లుడా, కూటం మామూలుగానే పెట్టుకుందాం లే. జొన్నలు మా ఇంటి నించి పంపిస్తా.”

వాళ్లు పోయారు. రత్నమ్మ దడి అవతల ఇంకా నిలబడి ఉంది. పుస్తకం వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది.

మధ్యాహ్నం దాకా ఎలీషబా ఆ పుస్తకం ముందే కూర్చుంది. ఏడవలేదు. తర్వాత లేచి, మొగుడు కుట్టి పక్కన పెట్టిన ఖాళీ పుస్తకం తెచ్చింది. పెంకు మీద మసి గీరింది. తుమ్మజిగురు నీళ్లు కలిపింది. తాటాకు ఈనె తనే నమిలి కుంచె చేసింది. అన్నీ మొగుడి ముందు పెట్టింది.

“గియ్యి.”

“ఎలీషబా...”

“నీ చేతే గదా గీసింది. ఆ చెయ్యే గదా ఇది. గియ్యి.”

ఏబేలు కుంచె ముంచాడు. ముందు చెవి గీశాడు. అది వచ్చింది. చెవి పాత పేజీలో ఉంది మరి. జడ కొస గీశాడు. తర్వాత చెయ్యి ఆగింది. కళ్లు మూసుకున్నాడు. కళ్లలోకి వచ్చింది రూతు కాదు. తను గీసిన గీతలు వచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ కుంచె నొక్కాడో, ఏ గీత మళ్లీ దిద్దాడో, అదే వచ్చింది. ఆ గీతలనైనా దించుదామని చూస్తే, ఒకటి పెట్టేసరికి ఇంకొకటి చెదిరిపోయింది. గీసేటప్పుడు బిడ్డను చూశాననుకున్నాడు. ఇప్పుడు వెతికితే చూసినదంతా కాగితం మీద పెట్టేసి, లోపల ఏమీ ఉంచుకోలేదని తెలిసింది.

“కనుబొమ్మ ఇట్ల ఉండేది” అంది ఎలీషబా, తన నుదుటి మీద వేలితో గీసి చూపిస్తూ. “వంపు ఎక్కువ.”

“లేదు, సాపుగా ఉండేది.”

“కన్నతల్లికి తెలీదా?”

“పుట్టుమచ్చ కుడి చెంప మీద గదా?”

“ఎడమ.”

“నాకు ఎదురుగా కూర్చునేది. కుడి...” అని, ఆగిపోయి, తన చెంపలు తనే తడుముకున్నాడు. “ఎడమేనా?”

ఎలీషబా జవాబు చెప్పబోయి తనూ ఆగింది. ఆమె చెయ్యి కూడా చెంప దగ్గరికి పోయి, అటా ఇటా తెలియక గాలిలో నిలిచింది.

ఏబేలు గీశాడు. పేజీ తిప్పి మళ్లీ గీశాడు. ఇంకోటి గీశాడు. ప్రతి పేజీలో ఒక పిల్ల కూర్చుంది. కళ్లూ ముక్కూ అన్నీ ఉన్న పిల్లే. ఎలీషబా ఒక్కొక్కదాన్నీ దగ్గరికి తీసుకుని చూసింది.

“ఇది ఎవురి బిడ్డ?” అంది చివరికి.

వాడు కుంచె కింద పెట్టాడు.

మూలన జ్ఞానమ్మ పాత పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వీళ్ల మాటలన్నీ వింటూనే ఉంది.

“ఎందుకు తన్నుకులాడతారు?” అంది. “పుట్టుమచ్చ అటుంటే ఏంది, ఇటుంటే ఏంది. ఇదుగో, ఉంది గదా. ఎంచక్కా నవ్వతా ఉంది.” చిల్లు పడిన చోట బొటనవేలితో మెల్లగా నిమిరింది. పువ్వు పడిన ఆమె కళ్లు ఆ పసుపు మరక మీదే ఉన్నాయి, దానికంటే ఎంతో లోతున దేన్నో చూస్తున్నట్టు.

ఎలీషబా లేచింది. లేచిన తీరు చూసి ఏబేలూ లేచాడు. ఆమె అత్త మీదికి పోతుందేమో, ఆ పుస్తకం గుంజి విసిరేస్తుందేమో అనుకున్నాడు. చేస్తే ఆపాలా వద్దా అని కూడా తేల్చుకోలేదు. ఎలీషబా ముసలామె ముందు నిలబడింది. నిలబడి చూసింది. ఆ ముఖంలో ఉన్న సంతోషం చూసింది. ఈ ఇంట్లో ఇంకా రూతును చూడగలిగేది ఆమె ఒక్కతే. ఆ చూపులో తనకు భాగం లేదు. చెప్పు, ఎట్లా ఉంది, కనుబొమ్మ వంపా సాపా అని అడగబోయినట్టు పెదవులు కదిలాయి. అడగలేదు.

పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. పుల్లలు పేర్చింది. ఎసరు మరిగాక జొన్నపిండి పోసి, తెడ్డుతో తిప్పి సంగటి చేసింది. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తినలేదు. చింతచిగురు పులుసు వెచ్చబెట్టింది. మూడు సత్తుపళ్లాలు నేల మీద పెట్టింది.

ఏబేలు సిరా పెంకు గోడవారకు జరిపి వచ్చి కూర్చున్నాడు. ముసలామెను చెయ్యి పట్టుకుని తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు. ఎలీషబా ముందు అత్తకు పెట్టింది, తర్వాత మొగుడికి, ఆపైన తనకు. సంగటి వేడికి ముగ్గురి మధ్యా ఆవిరి లేచింది. జ్ఞానమ్మ చేతితో పులుసు గిన్నె కోసం తడుముకుంది. ఎలీషబా దాన్ని ఆమె వేళ్లకు తగిలేలా ముందుకు జరిపింది. ముసలామె ముద్ద అద్దుకుని తినింది. ఏబేలు తిన్నాడు. ఎలీషబా కూడా ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి మింగింది.